ఎక్కావా?

ఊరు దాటి ఏడు కిలోమీటర్లు పోతే, నీళ్ల ప్లాంటు దారిలో, లారీలని తూచే కాటా ఒకటి మూతపడి ఉంది. రాత్రి ఎనిమిది దాటాక రెండు చక్రాల బండి మీద ఒంటరిగా ఆ పల్లంలోకి ఎవరూ దిగరు. దిగినవాళ్లంతా చెప్పేది ఒకటే మాట — అక్కడ బండి బరువెక్కుతుంది.

ఎక్కువేం కాదు. ఒక మనిషి బరువు.

సైకిలు మీద వచ్చేవాడు కాటా దాటగానే తొక్కలేక దిగిపోతాడట. ఖాళీ క్యాన్లతో ఇంటికి పోతున్న పాలవాడి మోపెడ్, నిండు క్యాన్లతో కూడా పడనంత అవస్థ పడిందట. ఇక కాటా నడిచే రోజుల్లోనే జరిగిందని చెప్పేది మరొకటుంది. ఖాళీ లారీని తూస్తే ఉండాల్సినదానికన్నా యాభై రెండు కిలోలు ఎక్కువ చూపించింది. డ్రైవరు దిగి లోపలా బయటా వెతికాడు. ఏమీ లేదు. మళ్లీ తూశారు — లెక్క సరిపోయింది.

అంటే... ఎక్కినది దిగిపోయింది.

ఈ కథలన్నీ ప్లాంటు వాచ్‌మన్ పోగుచేసి పెట్టుకున్నవి. కొత్తగా బండి కొన్నవాళ్లకి వరసగా వినిపిస్తాడు. క్లోరినక్కకీ వినిపించాడు. విన్నది విన్నట్టు, ఆవిడకి జరిగింది జరిగినట్టు చెప్తాను.

క్లోరినక్క అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనిపించదు. ప్లాంటు ల్యాబులో పని. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా డ్యూటీ. రెండు గంటలకోసారి గాజు గొట్టంలో నీళ్లు పట్టి, మందు కలిపి, వచ్చిన గులాబి రంగుని పెట్టెలోని రంగులతో పోల్చి, క్లోరిన్ ఎంతుందో పుస్తకంలో రాయాలి. పాయింట్ ఐదు. పాయింట్ ఆరు. భయం వేసినప్పుడు కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. ఆవిడ ఈ అంకెలు అనుకుంటుంది. పాతికేళ్ల అలవాటు.

వయసు నలభై తొమ్మిది. మేడ మీద రెండు గదుల వాటాలో ఒక్కతే ఉంటుంది. తల్లి పోయి మూడేళ్లయింది. బయల్దేరేటప్పుడు ‘వెళ్లొస్తా’ అనే అలవాటు కూడా ఆ మూడేళ్ల కిందటే పోయింది. తాళంకప్పకి చెప్పి ప్రయోజనమేముంది?

పది గంటల డ్యూటీ దిగినవాళ్లని ఊళ్లోకి తెచ్చే ఆఖరి బస్సుని ఆ ఏడు తీసేశారు. తమ్ముడు ఇదే సందనుకున్నాడు. ఉద్యోగం మానేసి మా ఇంటికొచ్చెయ్యమన్నాడు. మెట్ల కింద గది ఖాళీ చేయించానన్నాడు. ఫ్యాను కూడా బిగించానన్నాడు. మంచివాడే, వచ్చిన చిక్కంతా అదే. చెడ్డవాడితో అయితే ఒకే మాటతో తేల్చుకోవచ్చు. మంచివాడు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు.

ఒక ఆదివారం ఆవిడకి ఒళ్లు మండింది.

“బండి కొనుక్కుంటున్నాను. ఆ దారిలో భయం వేసిందని ఒక్కసారి నా నోటితో అన్నానంటే, ఆ రోజే పెట్టె సర్దుకుని నీ మెట్ల కిందకొచ్చేస్తాను. సరేనా?”

“మాట మీద ఉంటావా అక్కా?”

“నేనెప్పుడు లేనురా?”

అనడం అయితే అనేసింది.

మామూలు స్కూటర్లు ఆవిడ నడుముకి పడవు. గుంతల్లో పడితే వెన్నుపూస లెక్కపెట్టుకోవచ్చు. అందుకని వీధి చివరి మెకానిక్కు సలహా ఇచ్చాడు. మ్యాక్సీ స్కూటరని ఉంటుంది, స్కూటరుకి పెద్దన్నలాంటిది. ముందు గాలి కొట్టకుండా ఎత్తైన అద్దం, కాళ్లు చాపుకునే చోటు, సోఫాలాంటి సీటు. మరీ పెద్ద ఇంజను మీకెందుకు, మధ్యరకం చాలు, వాడినదైతే చవకలో పోతుంది అన్నాడు. టీచరమ్మ ఒకావిడ అమ్ముతోందని కూడా అతనే కనుక్కొచ్చాడు.

టీచరమ్మ ఉండే అపార్ట్‌మెంటు కింద, పార్కింగులో, ఓ మూల ఉంది బండి. ముదురు నీలం. దుమ్ము పట్టింది కానీ గీతలు లేవు. సీటు రెండు మెట్లుగా ఉంది. ముందు నడిపేవాళ్లకి, దానికన్నా కాస్త ఎత్తులో వెనక కూర్చునేవాళ్లకి, ఆనుకోవడానికి చిన్న దిండుతో సహా.

మెకానిక్కు ఎవరి బండిని చూసినా ముందు పెదవి విరుస్తాడు. అలాగే విరిచి, ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ముందే వేడి చేసి ఉంచారేమోనని. చల్లగానే ఉంది. మీట నొక్కగానే అందుకుంది. టైర్ల మీద తేదీలు చదివాడు. ముందు బ్రేకు పట్టి బండి ముక్కు కిందికి వంచాడు, వెనక సీటు మీద కూర్చుని ఊగాడు. పంతొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగింది, చక్రాన్ని తిప్పే బెల్టు ఇంకో ఐదు వేలు లాగుతుంది, కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు అన్నాడు.

ఆవిడ ఎక్కి కూర్చుంటే మునివేళ్లే నేలకి ఆనాయి. నూట ఎనభై కిలోల బండి కాళ్ల మధ్య అటోసారి ఇటోసారి ఒరిగి, చివరికి సరే అన్నట్టు నిలబడింది.

“మా నాన్నది” అంది టీచరమ్మ. “డెబ్బై మూడేళ్లు. మొన్న స్టాండు వేస్తూ మీదే పడేసుకున్నారు. ఇక నడపొద్దని తెచ్చేశాను. మనిషిని కూడా తెచ్చేద్దామంటే రారు.”

సీటు ఎత్తితే కింద పెద్ద డిక్కీ, అందులో ఒక హెల్మెట్. అది వాళ్లమ్మదట. ఆవిడ పోయి ఏడాదయింది. పట్టింపు లేకపోతే తీసుకోమంది. క్లోరినక్కకి అలాంటి పట్టింపులు లేవు. తల సరిగ్గా పట్టింది. హెల్మెట్ ఎడమవైపు అగ్గిపెట్టెంత నల్ల డబ్బా అతికించి ఉంది. నొక్కితే నీలం దీపం మినుకుమినుకుమంది. రాత్రిపూట వెనక వచ్చే బండ్లకి కనిపించడానికి నాన్నే పెట్టించారని, రోజూ డిక్కీలో ఉన్న తీగ గుచ్చి ఛార్జింగ్ పెట్టాలని టీచరమ్మ చెప్పింది. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం ల్యాబు మనుషుల లక్షణం. ఆవిడ ఒక్కరోజు కూడా ఆ దీపం మరచిపోలేదు.

“వెళ్లొస్తానండీ” అంది బయల్దేరుతూ.

“మీరు రండి. బండిని మాత్రం వెనక్కి తీసుకురాకండి” అంది టీచరమ్మ నవ్వుతూ.

మొదటి రాత్రి పది ఇరవై.

ప్లాంటు గుట్ట దిగి, వంపు తిరిగి, పల్లంలోకి వచ్చింది. దారి దీపాలు అక్కడితో ఆఖరు. ఎడమ పక్కన కాటా — లారీలెక్కే ఇనప పలక మీద గడ్డి, దాని వెనక రేకుల షెడ్డు, కిటికీలకి అడ్డంగా కొట్టిన చెక్కలు. బండి హాయిగా సాగుతోంది. వాచ్‌మన్‌కి రేపు ఏమని చెప్పాలా అని నవ్వుకుంటోంది.

పలక దాటింది.

బండి మందగించింది... యాక్సిలరేటర్ ఎంత తిప్పినా ఇంజను మొత్తుకుంటోందే గానీ చక్రం అందుకోవడం లేదు. వెనక ఏదో లాగుతున్నట్టు, కూర్చున్నట్టు —

చెవిలో గర్‌ర్‌మంది.

“ఎక్కావా?”

మగగొంతు. గుసగుస. చెవి పక్కన కాదు — చెవిలో.

ఆవిడ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఎవరున్నారో తెలుస్తుంది. ఆ అడిగింది తనని కాదు. తను ఎప్పుడో ఎక్కి కూర్చునే ఉంది. అంటే వెనక...

పాయింట్ ఐదు, పాయింట్ ఆరు, పాయింట్ ఐదు — ఇంటి వీధి మలుపు దాకా పెదాలు ఆగలేదు. ఇంటికొచ్చాక వెనక సీటు మీద చెయ్యి వెయ్యడానికి కాసేపు ధైర్యం చాలలేదు. వేస్తే చల్లగా ఉంది. అంతే.

రెండో రాత్రి కూడా అదే చోట బరువు. అదే మాట. మూడో రాత్రి ఇంకో మాట తోడైంది.

“ఎక్కావా? ... మాట్లాడవేం?”

ఎవరికి చెప్పుకుంటుంది? వాచ్‌మన్‌కి చెబితే తెల్లారేసరికి ప్లాంటంతా పాకుతుంది. తమ్ముడికి చెబితే మెట్ల కింద గది. ఆదివారం వాడు ఫోన్ చేసి ఎలా ఉందక్కా అంటే బంగారంలా ఉందంది. గొంతులో తేడా వాడు పట్టేశాడు. తెలిసినవాళ్లెవరో అలాంటి బండి కోసమే చూస్తున్నారని, వచ్చే ఆదివారం తీసుకొస్తానని, నచ్చితే ఇచ్చేద్దువుగానీ అని నెమ్మదిగా అన్నాడు. ఆ నెమ్మదికే ఆవిడకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ వారం పుస్తకంలో ఆరు గంటల అంకె ఎనిమిది గంటల గడిలో రాసింది. పాతికేళ్లలో అది మొదటి తప్పు. అర్ధరాత్రి మెలకువొచ్చి ఆ మెట్ల కింద గది గుర్తుకొచ్చేది. తలుపు తీస్తే మంచం, మంచం మీద కూర్చుంటే తలకి తగిలే మెట్ల వాలు, పొద్దున్నే నెత్తి మీద పిల్లల అడుగులు. అందరూ పలకరిస్తారు. ఏ వేళకి తినాలో, ఏ వేళకి పడుకోవాలో వాళ్లే చెప్తారు.

శనివారానికి పదకొండో రాత్రి. తెల్లారితే ఆదివారం.

పల్లంలోకి దిగింది. కాటా పలక పక్కన బండి ఆపింది. ఇంజను కూడా ఆపేసింది. స్టాండు వేసింది. దెయ్యానికన్నా ఆ మెట్ల వాలే ఎక్కువ భయపెడుతోందని తేల్చుకున్నాక ఇక ఆలోచించడానికేమీ మిగల్లేదు.

కీచురాళ్లు. దూరంగా ప్లాంటు మోటార్ల హోరు. ఇంకేం లేదు...

గర్‌ర్.

“ఎక్కావా?”

ఈసారి ఆవిడ బదులిచ్చింది.

“ఎవరెక్కాలి?”

చెవిలో ఎవరిదో ఊపిరి ఆగిపోయింది. మళ్లీ అదే గొంతు —

“నువ్వు... నువ్వు కాదా?”

షెడ్డు వెనక గడియ తీసిన చప్పుడైంది. అటువైపు తలుపుంటుందని ఆవిడకి తెలీదు. గోడ వారగా ఓ ఆకారం వచ్చింది. లుంగీ, బనీను. మనిషి ఒళ్లే. తల మాత్రం మనిషి తల కాదు — గుండ్రంగా, నున్నగా, నల్లగా. దానికి మొహం లేదు.

ఆవిడకి పాయింట్ ఐదు కూడా గుర్తు రాలేదు.

అప్పుడు ఆ తల పక్కన నీలం దీపం మినుకుమంది. తన హెల్మెట్ అంచున మినుకుమంటున్నదే. అదే వేళకి. ఒకటి వెలిగితే రెండోది.

ఆకారం చేతులెత్తి ముందున్న నల్ల అద్దం పైకి తోసింది. లోపల నెరిసిన మీసాలతో ఒక పెద్దాయన.

“నా బండి చప్పుడు నాకు తెలీదా అమ్మా?” అన్నాడాయన. హెల్మెట్‌లో ఒకసారి, గాలిలో ఒకసారి వినిపించింది. “నా బండి వస్తోంది. మా ఆవిడ హెల్మెట్ పలుకుతోంది. ఏమనుకోమంటావు?”

ఆయనే టీచరమ్మ తండ్రి. ముప్పై ఏళ్లు ఆ కాటాకి గుమాస్తా. కాటా మూతపడ్డా వెనక గది ఖాళీ చెయ్యలేదు. దారి వైపు కిటికీలకి చెక్కలు కొట్టింది ఆయనే. లారీల దుమ్ముకి.

నల్ల డబ్బా దీపం కాదు. నడిపేవాళ్లూ వెనక కూర్చున్నవాళ్లూ మాట్లాడుకునే యంత్రం. రెండు హెల్మెట్లకి రెండు. దగ్గర్లో ఉంటే చాలు, గోడలు అడ్డం రావు.

“ఒకసారి నేనూ మా ఆవిడా ఊళ్లోకి బయల్దేరాం” అన్నాడు పెద్దాయన, పలక అంచున కూర్చుని. “స్టార్టు చేశాను. ఎక్కిందనుకున్నాను. దారి పొడుగునా కబుర్లు చెప్తూనే ఉన్నాను — అమ్మాయి చదువు, ఇంటి రిపేరు. ఊ కొట్టడం లేదే, అలిగిందేమో అనుకున్నాను. బజారులో దిగి చూస్తే సీటు ఖాళీ. వెనక్కొస్తే ఇక్కడే, ఈ పలక మీదే నిలబడి ఉంది. చేతులు కట్టుకుని. అప్పట్నుంచి ఈ డబ్బాలు. అప్పట్నుంచి ఎక్కావా అని అడక్కుండా బండి కదిలించలేదు. ఎక్కాను, పద అనేది.”

మరి ఆవిడ పెదాల మీది అంకెలు? అవీ ఆయనకి వినిపించాయట. ఆవిడ అడగలేదు, ఆయనే చెప్పాడు. కాటా ముల్లు ఎక్కడుందో భార్య చదివితే ఆయన చీటీ రాసేవాడట. మొదటి రాత్రి చెవిలో అంకెలు వినిపించేసరికి ఇంక అనుమానం లేకపోయింది. ఆనాటి నుంచి పది అయ్యేసరికి హెల్మెట్ పెట్టుకుని మంచం మీద కూర్చుంటున్నాడు.

“మరి ఆ యాభై రెండు కిలోలు?” అందావిడ.

“అదా... మా ఆవిడే. డ్రైవరుతో కబుర్లు చెప్తూ పలకెక్కి నిలబడేది. చెబితే నమ్మేది కాదు, నేనేమిటీ యాభై రెండేమిటీ అని.” నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. “పదకొండు రాత్రుల్నుంచి నిద్ర లేదమ్మా నాకు.”

“నాకూ లేదండీ.”

తన భయం పోయింది గానీ, ఆ పెద్దాయన దగ్గర్నుంచి ఏదో లాక్కున్నట్టే అనిపించింది ఆవిడకి. హెల్మెట్ తీసి ఇవ్వబోయింది. వద్దన్నాడు. రెండోది తన దగ్గరుందని అమ్మాయికి చెప్పొద్దన్నాడు. ఇలా రాత్రుళ్లు మాట్లాడుకుంటున్నానని తెలిస్తే మర్నాడే తనని పట్టుకుపోతుంది. గది కూడా సిద్ధంగా ఉంచిందట.

“ఫ్యాను బిగించారా?” అందావిడ.

“నీకెలా తెలుసు?”

వెళ్లేటప్పుడు ఆయన బండి చుట్టూ ఓసారి తిరిగి, బెల్టు అయిపోయింది, పల్లంలోంచి ఎత్తు ఎక్కేటప్పుడు జారుతోంది, మార్పించుకో అన్నాడు. మర్నాడు మెకానిక్కు మూత విప్పి చూసి, పెదవి విరవకుండా తల గోక్కున్నాడు. కొత్త బెల్టు పడ్డాక బండి ఆ ఎత్తు ఈలవేసుకుంటూ ఎక్కింది.

తమ్ముడు కొనేవాళ్లతో వచ్చాడు. ఆవిడ తాళం చెవి ఇవ్వలేదు. ఒక్కదానివే ఎన్నాళ్లక్కా అని అడిగి వెళ్లిపోయాడు. కొన్ని నెలలకి మెట్ల కింద గదిలో పిల్లల సైకిళ్లు పెట్టుకున్నారు.

ఆ నెలలన్నీ, రాత్రి పది ఇరవైకి, పల్లంలో రెండే మాటలు. వచ్చావా అమ్మా అని ఆయన. వచ్చానండీ అని ఆవిడ. ఎక్కావా అని ఆయన మళ్లీ అడగలేదు. పద అని ఆవిడా అనలేదు. ఒకరి మాట ఇంకొకరు వాడుకోకూడదని ఇద్దరికీ తెలుసు.

వానలు మొదలైన రోజుల్లో ఒక రాత్రి చెవిలో ఏమీ వినపడలేదు. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు బండి కాగితాల మీద సంతకం కోసమని టీచరమ్మ ఫోన్ చేసింది. నాన్న కాలు జారి పడ్డారని, కారు తీసుకెళ్లి తెచ్చేశామని, ఇప్పుడు బాగానే ఉన్నారని చెప్పింది.

“గబగబా ఎక్కించేశామండీ, వాన కదా. ఒక్క నిమిషం ఆగు, ఒక్క నిమిషం ఆగు అంటూనే ఉన్నారు. దేనికో చెప్పరు. ఆ పాత హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.”

క్లోరినక్క ఫోన్ పెట్టేసింది. ఎనిమిది గంటల నీళ్లు పట్టాలి. పట్టింది. రంగు చూసింది. రాసింది. కానీ ఆ ఒక్క నిమిషం మాట బుర్రలోంచి పోలేదు. అంత హడావిడిలో ఆయన్ని ‘ఎక్కావా’ అని అడగనిచ్చి ఉండరు.

పది ఇరవైకి సన్నగా తుంపర. పల్లంలోకి దిగి కాటా పలక పక్కన బండి ఆపింది. షెడ్డు వెనక తాళం. ఇప్పుడు నిజంగానే ఎవరూ లేరు. హెల్మెట్‌లో గర్‌ర్ కూడా లేదు, తన ఊపిరి తప్ప.

నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే, భుజం మీదుగా, వెనక్కి తిరగకుండా అడిగింది.

“ఎక్కావా?”

కీచురాళ్లు ఆగాయి.

సీటు కింద స్ప్రింగు... కిర్రుమంది. బండి వెనకభాగం, నెమ్మదిగా, ఒక మనిషి సర్దుకుని కూర్చున్నంత — దిగింది.

బెల్టు కొత్తది. రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. అయినా ఎత్తు ఎక్కుతుంటే ఇంజను మూలిగింది. యాభై రెండు ఉండొచ్చు అనుకుంది క్లోరినక్క. అంకెల మనిషి కదా. విచిత్రంగా భయం వెయ్యలేదు. గుంతలు తప్పించి, మలుపుల దగ్గర నిదానించి, వెనక మనిషి ఉన్నప్పుడు నడపాల్సినట్టు నడిపింది. ఇంటి వైపు తిరగాల్సిన చోట తిరగలేదు. నేరుగా పోయింది.

టీచరమ్మ అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఆగేసరికి పదకొండు కావొస్తోంది. అన్ని కిటికీలూ చీకటి. హెల్మెట్ పక్కన నీలం దీపం మినుకుమంది. పైన, రెండో అంతస్తు బాల్కనీలో, ఇంకో నీలం చుక్క.

గర్‌ర్.

“దిగావా?”

అడిగింది తనని కాదు.

“నెమ్మది” అంది ఆ గొంతు. “అక్కడ మెట్టుంది.”

స్ప్రింగు కిర్రుమంది. బండి పైకి లేచింది.

అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. బండంతా తుంపరకి తడిసి మెరుస్తోంది. వెనక సీటు మీద మాత్రం జానెడు మేర పొడిగా ఉంది. చూస్తుండగానే అక్కడ ఒక చినుకు పడింది. ఇంకొకటి. చెయ్యి పెట్టేలోపే అదీ తడిసిపోయింది.

పైన బాల్కనీలో నీలం చుక్క ఆరిపోయింది.

ఇంటికి పోయే దారిలో ఎత్తుపల్లాలేమీ లేవు. బండి, కొన్న రోజు కూడా లేనంత తేలిగ్గా పోయింది.